జాతీయ రహదారి వెంట మండల కేంద్రం: రవాణా, సైకిలు, వాహనాల నిలుపుదలపై పంచాయతీ తీర్మానాల పరిధి

రేగొండ, జయశంకర్ భూపాలపల్లి జిల్లా: పరకాల నుండి భూపాలపల్లికి వెళ్లే మార్గంలో ఉన్న రేగొండ మండల కేంద్రం గుండా 353 సి సంఖ్య గల జాతీయ రహదారి సాగుతున్నది. మహారాష్ట్రలోని సాకోలి ప్రాంతంలో మొదలయ్యే ఈ రహదారి గడ్చిరోలి, సిరోంచల మీదుగా గోదావరిని దాటి, కాళేశ్వరం, మహాదేవపూర్, కాటారం, భూపాలపల్లి, రేగొండ, పరకాల మార్గంగా వచ్చి ఆత్మకూరు ప్రాంతంలో 163వ జాతీయ రహదారిని కలుస్తున్నది. భూపాలపల్లి సింగరేణి గనులు, చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, గోదావరి ఇసుక రీచులు ఈ మార్గం వెంటనే ఉన్నందున బొగ్గు, ఇసుక లారీల రాకపోకలు ఇక్కడ నిత్యకృత్యం. తహసీల్దారు కార్యాలయానికి, మండల పరిషత్తుకు, పోలీసు స్టేషనుకు, బ్యాంకులకు, బడులకు చుట్టుపక్కల గ్రామాల ప్రజలు నడిచి, సైకిలుపై, ఆటోలలో, బస్సులలో వచ్చేదీ ఈ దారినే.

ఇటువంటి మండల కేంద్రాలలో రోడ్డు పక్క వాహనాల నిలుపుదల, ఆటో అడ్డాలు, బస్సు ఆగు స్థలాలు, బడి పిల్లల సైకిలు దారి మొదలగు అంశాలపై గ్రామసభలలో తరచు చర్చ జరుగుతుంది. తీర్మానాలు కూడా జరుగుతాయి. అయితే ఆ తీర్మానాలలో ఏవి పంచాయతీ స్వయంగా అమలు చేయగలిగినవి, ఏవి ఇతర శాఖలకు పంపవలసినవి అన్న విషయంలో స్పష్టత కొరవడుట వలన పలు తీర్మానాలు మినిట్స్ పుస్తకం దాటి ముందుకు సాగడం లేదు. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో మూడు విడతలుగా జరిగిన ఎన్నికల అనంతరం రాష్ట్రవ్యాప్తంగా గ్రామ పంచాయతీలకు కొత్త పాలకవర్గాలు ఏర్పడినవి. 2024 ఫిబ్రవరి మొదలు అంతవరకు ప్రత్యేకాధికారుల పాలన కొనసాగిన సంగతి విదితమే. ఈ నేపథ్యంలో రేగొండను ఉదాహరణగా తీసుకొని, రవాణాకు సంబంధించి పంచాయతీకి గల అధికారాలను, వాటి హద్దులను పాత్రికేయులకు, అధికారులకు వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఎందుకు ముఖ్యం

దేశంలో 2022వ సంవత్సరంలో జరిగిన 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వార్షిక నివేదిక వెల్లడించినది. వీరిలో 61,038 మంది, అనగా 36 శాతానికి పైగా, జాతీయ రహదారులపైనే ప్రాణాలు కోల్పోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు 2 శాతం మాత్రమే అన్నది ఇక్కడ గమనార్హం. అదే సంవత్సరం మరణించిన పాదచారుల సంఖ్య 32,825.

దూర ప్రయాణం కొరకు నిర్మించిన రహదారి ఒక ఊరి నడిబొడ్డు గుండా వెళ్లినపుడు, అదే ఊరికి బజారు వీధి కూడా అవుతుంది. లారీ డ్రైవరుకు అది దాటిపోవలసిన కిలోమీటరు. ఊరి వారికి అది కూరగాయలు కొనే చోటు, బస్సు కొరకు నిలబడే చోటు, పిల్లవాడు బడికి దాటే చోటు. ఈ రెండు అవసరాలకు మధ్య మిగిలేది తారు అంచు దాటిన మట్టి భాగం మాత్రమే. ఆ కొద్ది స్థలాన్ని నిలిపి ఉంచిన వాహనాలు, దుకాణాల పందిళ్లు, తోపుడు బండ్లు ఆక్రమించినపుడు నడిచేవారు, సైకిలుపై వెళ్లేవారు తారు రోడ్డుపైకి, లారీల దారిలోకి దిగవలసి వస్తున్నది. కావున వాహనాల నిలుపుదల కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయంగా గాక, ప్రాణరక్షణకు సంబంధించిన విషయంగా పరిగణించవలసి ఉన్నది.

ఒకే ఊరు, నాలుగు రకాల రోడ్లు

ఒక మండల కేంద్రంలో సాధారణంగా నాలుగు రకాల రోడ్లు ఉంటాయి. మొదటిది జాతీయ రహదారి. ఇది కేంద్ర ప్రభుత్వానిది. దీని భూమిని, దానిపై రాకపోకలను జాతీయ రహదారుల నియంత్రణ (భూమి, ట్రాఫిక్) చట్టం, 2002 క్రింద ఏర్పడిన రహదారి పరిపాలనా వ్యవస్థ పర్యవేక్షిస్తుంది. రహదారి భూమిని అనుమతి లేనిదే ఆక్రమించరాదు. రహదారిపైకి కొత్తగా వాహనాల దారి తెరువవలెనన్నా అనుమతి అవసరం. రెండవది రోడ్లు, భవనాల శాఖ నిర్వహించే రాష్ట్ర, జిల్లా రహదారులు. మూడవది మండల కేంద్రాన్ని గ్రామాలతో కలిపే రోడ్లు. వీటిని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది. నాల్గవది ఊరి లోపలి వీధులు. ఇవి గ్రామ పంచాయతీవి.

పౌరునికి ఈ తేడాలు కనిపించవు. గుంట పడినా, లైటు వెలగకపోయినా, లారీ అడ్డంగా నిలిచినా సర్పంచునే అడుగుతాడు. ఇది సహజమే. అయితే తీర్మానం వ్రాసే పంచాయతీ కార్యదర్శి, దానిని వార్తగా వ్రాసే విలేఖరి మాత్రం ముందుగా నిర్ధారించుకొనవలసినది ఒక్కటే: ఆ స్థలం ఏ రోడ్డు పరిధిలోనిది? దీనికి సమాధానం దొరికితే తీర్మానం ఎవరికి చేరవలెనో తెలుస్తుంది.

రాజ్యాంగ నేపథ్యం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న, 74వ సవరణ అదే సంవత్సరం జూన్ 1న అమలులోకి వచ్చినవి. మొదటిది పంచాయతీలకు, రెండవది పురపాలక సంఘాలకు సంబంధించినది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్న 11వ షెడ్యూలులో 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, ఇతర రాకపోకల సాధనాలు. 22వ అంశం సంతలు, జాతరలు. పురపాలక సంఘాలకు చెందిన 12వ షెడ్యూలులో 17వ అంశం వీధి దీపాలు, వాహనాలు నిలుపు స్థలాలు, బస్సు ఆగు స్థలాలు మొదలగు ప్రజా సౌకర్యాలు.

అనగా వాహనాలు నిలుపు స్థలాలు, బస్సు ఆగు స్థలాల ప్రస్తావన పట్టణాల జాబితాలో పేరు పెట్టి ఉన్నది. గ్రామాల జాబితాలో ఆ పేరుతో లేదు. భూపాలపల్లి, పరకాల పురపాలక సంఘాలకు, వాటి నడుమ ఉన్న రేగొండ గ్రామ పంచాయతీకి మధ్య గల ముఖ్యమైన తేడా ఇది. ఇరువైపులా అదే రహదారి, అవే లారీలు. అధికారాల జాబితా మాత్రం వేరు. పార్కింగు పట్టణ సమస్యగా భావించిన కాలంలో ఈ జాబితాలు రూపొందినవి. నేడు మండల కేంద్రాలలో ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు పెరిగిన దృష్ట్యా ఇది గ్రామాలకు కూడా ప్రధాన సమస్యగా మారినది.

నిలుపు స్థలం నిర్ణయించేదెవరు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షను ఈ విషయంలో కీలకమైనది. వాహనాలు ఎక్కడ నిలుపవచ్చునో, ప్రయాణికుల వాహనాలు ఎక్కడ ఎక్కువ సేపు ఆగవచ్చునో నిర్ణయించే అధికారాన్ని ఈ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారికి ఇచ్చినది. అయితే ఆ నిర్ణయం సంబంధిత స్థానిక సంస్థను సంప్రదించి చేయవలెనని కూడా అదే సెక్షను నిర్దేశించినది. 2019 సవరణ ద్వారా మరి రెండు విషయాలు చేరినవి. ఇటువంటి స్థలాల నిర్ణయంలో రోడ్డు వాడేవారి భద్రతకు, రాకపోకల సాఫీకి ప్రథమ ప్రాధాన్యమివ్వవలెనన్నది మొదటిది. జాతీయ రహదారుల సంస్థలు కూడా ఇటువంటి స్థలాలను నిర్ణయించవచ్చునన్నది రెండవది.

దీనిని బట్టి తేలే విషయం ఏమనగా, రహదారిపై నిలుపు స్థలాన్ని గ్రామ పంచాయతీ తనంతట తాను ప్రకటించలేదు. కాని ఆ స్థలాన్ని నిర్ణయించే అధికారి పంచాయతీ అభిప్రాయం తీసుకొనవలసి ఉన్నది. కావున ఈ అంశంపై పంచాయతీ చేసే తీర్మానాన్ని సాధారణ విజ్ఞప్తిగా కాక, చట్టం కోరిన సంప్రదింపులో భాగంగా చూడవలెను. తీర్మానంలో ఈ సెక్షనును ప్రస్తావించినచో దాని స్వరూపమే మారుతుంది.

భారీ వాహనాలను నిర్ణీత వేళలలో, నిర్ణీత మార్గంలో నియంత్రించే అధికారం 115వ సెక్షను క్రింద ప్రభుత్వానికి లేదా అధికారమిచ్చిన అధికారికి కలదు. ఇందుకు గెజిట్ ప్రకటన అవసరం. నెల రోజులకు మించని తాత్కాలిక ఆంక్షలకు మాత్రం గెజిట్ ప్రకటన అవసరం లేదు, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలును. బడి వేళలలో ఇసుక లారీలను ఆపవలెనన్న కోరిక పంచాయతీ తీర్మానంతోనే అమలు కాదు. అధీకృత అధికారి ఉత్తర్వు వెలువడినపుడే అమలవుతుంది.

ఇప్పటికే ప్రమాదకరంగా నిలిపిన వాహనం విషయంలో పోలీసులకు కొత్త ఉత్తర్వు ఏదీ అవసరం లేదు. ఇతరులకు అపాయం, ఆటంకం కలిగేలా వాహనాన్ని నిలుపరాదని 122వ సెక్షను చెబుతున్నది. 10 గంటలు లేదా అంతకు మించి వదిలివేసిన వాహనాన్ని, నిషేధిత స్థలంలో నిలిపిన వాహనాన్ని తొలగింపజేసే అధికారం 127వ సెక్షను క్రింద యూనిఫారంలోని పోలీసు అధికారికి కలదు. తొలగింపు ఖర్చు యజమానే భరించవలెను. మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు, 2017 ప్రకారం కాలిబాటపై, సైకిలు బాటపై, పాదచారులు దాటే గీతలపై, కూడళ్లకు, బస్సు ఆగు స్థలాలకు సమీపంలో, బడులు, ఆసుపత్రుల ద్వారాల వద్ద వాహనాలు నిలుపుట తగదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 285వ సెక్షను ప్రజల దారికి అడ్డంకి కలిగించిన వారికి 5,000 రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించినది.

పంచాయతీ స్వయంగా చేయగలిగినవి

రహదారి పంచాయతీది కాకపోయినా, రహదారి అంచుకు జనాన్ని, వాహనాలను చేర్చే పలు కారణాలు పంచాయతీ నిర్ణయాల పరిధిలోనే ఉన్నవి. సమస్యలో పంచాయతీ చేతిలో ఉన్న భాగం సాధారణంగా అనుకునే దానికంటే పెద్దది.

మొదటిది వారపు అంగడి. అంగడి ఎక్కడ జరుగవలెను, తైబజారు రుసుము ఏ స్థలానికి వసూలు చేయవలెను అన్నది పంచాయతీ నిర్ణయం. రహదారి పక్కన కూర్చున్న అమ్మకందారు నుండి కూడా తైబజారు వసూలు చేసినచో, ఆ స్థలంలో అమ్ముకొనుటకు పంచాయతీయే సమ్మతించినట్లు అర్థం వస్తుంది. వేలం షరతులలోనే హద్దులు గుర్తించి, రహదారి భూమిలో రుసుము వసూలు చేయరాదని వ్రాసినచో ఈ చిక్కు తొలగుతుంది. అయితే అమ్మకందారులకు ఊరిలోపల చదును చేసిన స్థలం, నీరు, నీడ, వెలుతురు కల్పించకుండా తరలింపు కోరుట న్యాయం కాదు, నిలువదు కూడా.

రెండవది ఆటో అడ్డా. ప్రభుత్వ, పంచాయతీ స్థలాలలో అనువైన దానిని గుర్తించి, చదును చేసి, అడ్డాగా ప్రతిపాదించవచ్చును. పాత పంచాయతీ చట్టాల కాలం నుండి బండ్ల అడ్డాలు ఏర్పాటు చేయుట స్థానిక సంస్థల పనిగానే ఉన్నది. ఎడ్లబండ్ల స్థానంలో నేడు ఆటోలు, ట్రాలీలు వచ్చినవి. అవసరం మాత్రం మారలేదు.

మూడవది భవన అనుమతి. రహదారి వెంట దుకాణ సముదాయానికి, ఫంక్షన్ హాలుకు దరఖాస్తు వచ్చినపుడు వచ్చేపోయే వారి వాహనాలు ఎక్కడ నిలుస్తాయన్న ప్రశ్నను ఆ దశలోనే వేయవలసి ఉన్నది. కట్టడం పూర్తయిన తరువాత ఆ అవకాశం ఉండదు. ఒక్క ఫంక్షన్ హాలు తన స్థలంలో వాహనాలకు చోటు వదలనిచో, ప్రతి పెళ్లి ముహూర్తాన రహదారి సగం మూసుకుపోతుంది.

నాల్గవది వీధి దీపాలు, లోపలి వీధులు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో నాలుగు స్థాయీ సంఘాలు ఏర్పడవలెను. వాటిలో ఒకటి వీధి దీపాలకు, ఒకటి పనులు, సంతల నిర్వహణకు సంబంధించినది. పంచాయతీ సమావేశం నెలకొకసారి, గ్రామసభ రెండు నెలలకొకసారి తప్పనిసరి. కావున పై నిర్ణయాలకు ప్రత్యేక వేదిక వెదకవలసిన పని లేదు, సమీక్షకు గడువు కూడా చట్టంలోనే ఉన్నది.

పట్టణాల విషయంలో ప్రభుత్వం నిలుపుదల విధానాన్ని ఉత్తర్వుల ద్వారా నిర్దేశించిన ఉదాహరణ ఉన్నది. పురపాలక శాఖ 2018 మార్చి 20న జారీ చేసిన 63వ నంబరు ఉత్తర్వు ద్వారా వాణిజ్య సముదాయాలు, మల్టీప్లెక్సులలో మొదటి 30 నిమిషాల నిలుపుదలకు రుసుము వసూలు చేయరాదని ఆదేశించినది. భవనం లోపలి నిలుపు స్థలం ఖరీదైనచో వాహనాలు వీధిలోకి వస్తాయన్న అనుభవమే మండల కేంద్రాలకు కూడా పాఠం. ఊరి లోపల నిలుపు స్థలం ఏర్పాటు చేసి రుసుము ఎక్కువగా నిర్ణయించినచో అది ఖాళీగానే ఉంటుంది, రహదారి అంచు నిండుతుంది.

సైకిలు: చిన్న వాహనం, పెద్ద ప్రశ్న

పూర్వం పలు స్థానిక సంస్థలు సైకిళ్లపై స్వల్ప పన్ను విధించి, చెల్లించిన వారికి లోహపు బిళ్ల ఇచ్చేవి. పన్ను వసూలు చేసిన కాలంలో సైకిలు లెక్కలోని వాహనం. పన్ను పోయిన తరువాత అది అధికారుల లెక్కల నుండి కూడా తప్పుకున్నది. గ్రామాల నుండి ఉన్నత పాఠశాలకు వచ్చే పిల్లలకు, కూలి పనులకు వెళ్లే వారికి సైకిలు అవసరం మాత్రం తీరలేదు.

బీహార్ ప్రభుత్వం 2006లో 9వ తరగతి చేరే బాలికలకు సైకిలు కొనుగోలుకు 2,000 రూపాయలు ఇచ్చే పథకం ప్రారంభించినది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనంలో ఈ పథకం వలన ఉన్నత పాఠశాలలలో బాలికల నమోదు 32 శాతం పెరిగినట్లు తేలినది. బడి 3 కిలోమీటర్లు లేదా అంతకు మించిన దూరంలో ఉన్న గ్రామాలలోనే ఈ ప్రయోజనం ఎక్కువగా కనిపించినది. సైకిలు ఉండుట ఒక ఎత్తు కాగా, ఆ సైకిలును నిర్భయంగా నడుపగల దారి ఉండుట మరొక ఎత్తు. బాలికను సైకిలుపై పంపుటకు తల్లిదండ్రులు జంకినచో ఆమె చదువే ఆగిపోవచ్చును.

హైదరాబాదులో బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల పైకప్పుతో నిర్మించిన సైకిలు బాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మండల కేంద్రానికి ఇంతటి నిర్మాణం అవసరం లేదు. జాతీయ రహదారికి సమాంతరంగా ఉన్న ఊరి లోపలి వీధులను కలిపి, గుంటలు పూడ్చి, దీపాలు వేసి, బడికి వెళ్లే దారిగా గుర్తించినచో పిల్లలు రహదారిపై గడుపవలసిన దూరం చాలావరకు తగ్గుతుంది. ఈ పని పూర్తిగా పంచాయతీ పరిధిలోనిది. రహదారిని తప్పనిసరిగా దాటవలసిన ఒకటి రెండు చోట్ల మాత్రమే ఇతర శాఖల సహకారం కోరవలసి ఉంటుంది.

చట్టంలోనూ కొంత కదలిక వచ్చినది. పాదచారుల, మోటారేతర వాహనాల రాకపోకలపై భద్రత దృష్ట్యా నియమాలు చేయుటకు రాష్ట్ర ప్రభుత్వాలకు వీలు కల్పిస్తూ 2019 సవరణ మోటారు వాహనాల చట్టంలో 138 (1ఎ) సెక్షనును చేర్చినది. ఎస్.రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 7న ఇచ్చిన ఆదేశాలలో, ఈ నియమాలను ఆరు నెలలలో రూపొందించవలెనని రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను కోరినది. జాతీయ రహదారులు కాని రోడ్ల నమూనా, నిర్మాణ ప్రమాణాలకు సంబంధించిన నియమాలకు కూడా అదే గడువు విధించినది.

వేగ నిరోధకాల విషయం

ప్రమాదం జరిగిన వెంటనే గ్రామస్థులు కోరేది వేగ నిరోధకం. కొన్ని చోట్ల స్వయంగా మట్టి, కంకరతో వేసిన సందర్భాలు కూడా ఉన్నవి. జాతీయ రహదారులపై వేగ నిరోధకాలను తొలగించవలెనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2016 ఏప్రిల్‌లో ఆదేశించినది. ప్రత్యేక పరిస్థితులలో రోడ్డుపై వరుస పట్టీలు వేయుటకు మాత్రమే వీలు కల్పించినది. ఊరి లోపలి వీధులలో వేగ నిరోధకం వేయవచ్చును గాని, దానికి కొలతలు ఉన్నవి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రచురించిన 99వ సంఖ్య మార్గదర్శకం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల వంపును, గంటకు 25 కిలోమీటర్ల వేగానికి సూచించినది. ఈ మార్గదర్శకాన్ని 2018లో సవరించారు. కొలత లేని ఇరుకు గట్టు లారీని ఆపదు, ద్విచక్ర వాహనదారుని పడవేస్తుంది. రాత్రివేళ గుర్తులు, వెలుతురు లేనిచో అది మరో ప్రమాద కారణం అవుతుంది.

బస్సు ఆగు చోటు

మహాలక్ష్మి పథకం క్రింద 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్ర పరిధిలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం అమలులోకి వచ్చినది. ఇందువలన బస్సు కొరకు రోడ్డు పక్క వేచి ఉండే మహిళల భద్రత మరింత ప్రధాన విషయమైనది. బస్సు రోడ్డు మధ్యనే ఆగినచో వెనుక లారీ ప్రక్కకు తప్పుకొని ముందుకు దూకుతుంది. బస్సు దిగి రోడ్డు దాటేవారికి ఆ లారీ కనిపించదు. బస్సు తారు రోడ్డు దిగి ఆగుటకు చోటు వదలుట, ఆ చోట ఇతర వాహనాలు నిలుపకుండా చూచుట ఈ ప్రమాదానికి ప్రాథమిక పరిష్కారం. ఆగు స్థలం మార్పు కొరకు పరకాల, భూపాలపల్లి డిపోల మేనేజర్లను, రహదారి ఇంజనీర్లను కలిపి సంయుక్త పరిశీలన జరుపవలెనని పంచాయతీ తీర్మానంలో కోరవచ్చును.

జాతరల వేళ

రేగొండ మండలంలోని కొడవటంచ శ్రీ లక్ష్మీనరసింహస్వామి జాతరకు ఏటా పెద్ద సంఖ్యలో భక్తులు తరలివస్తారు. రెండేళ్లకొకసారి జరిగే మేడారం జాతర సందర్భంగా ప్రైవేటు వాహనాల తిరుగు ప్రయాణాన్ని భూపాలపల్లి, పరకాల మీదుగా మళ్లించే పద్ధతి ఉన్నది. 2025 మే 15 నుండి 26 వరకు కాళేశ్వరంలో జరిగిన సరస్వతీ పుష్కరాలకు యాత్రికులు వెళ్లిన మార్గాలలో ఇది ఒకటి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నవి.

ఇటువంటి సందర్భాలలో తాత్కాలిక నిలుపు స్థలాలు, ఏకమార్గ విధానం, భారీ వాహనాల మళ్లింపు ఏర్పాటు చేయుట పరిపాటి. జాతర ముగిసిన వెంటనే ఆ ఏర్పాట్లన్నీ తొలగిపోతాయి. వాటిలో ఏవి ఫలించినవి, ఏ స్థలంలో వాహనాలు సులువుగా పట్టినవి, ఏ కూడలిలో ఇబ్బంది కలిగినది అన్న వివరాలు పంచాయతీ నమోదు చేసుకున్నచో, శాశ్వత ఏర్పాట్లకు అంతకు మించిన ఆధారం ఉండదు.

తీర్మానం ఎట్లుండవలెను

"రోడ్డు ప్రమాదాలు నివారించవలెనని తీర్మానించడమైనది" అన్న ఒక్క వాక్యంపై ఏ శాఖ కూడా చర్య తీసుకొనలేదు. తీర్మానంలో ఈ క్రింది అంశాలు ఉండుట అవసరం:

1. స్థలం: ఏ రోడ్డు, ఏ కిలోమీటరు రాయి, ఏ కూడలి నుండి ఏ భవనం వరకు.
2. సమస్య: ఏ వేళలలో, ఏ రకం వాహనాల వలన, ఎవరికి ఇబ్బంది. పంచాయతీ ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం స్వయంగా లెక్కించిన వివరాలు జతచేయవచ్చును.
3. కోరిక: నిలుపుదల నిషేధమా, నిలుపు స్థలం ప్రకటనా, వేళల ఆంక్షలా, సూచికలా. ఒక్కొక్కటి వేరుగా వ్రాయవలెను.
4. చట్టం: 115, 117 మొదలగు సంబంధిత సెక్షను.
5. పంచాయతీ వాటా: ప్రత్యామ్నాయ స్థలం, దీపాలు, అంగడి తరలింపు మొదలగు వాటిలో పంచాయతీ తాను చేయబోయే పని, దానికి గడువు.
6. చేరవలసిన చోటు: జిల్లా రోడ్డు భద్రతా కమిటీ, జాతీయ రహదారుల ఇంజనీర్లు, రవాణా శాఖ, పోలీసు, ఆర్టీసీ. ప్రతి తీర్మానం ప్రతిని మండల పంచాయతీ అధికారికి పంపవలెను.

జిల్లా కలెక్టర్ అధ్యక్షతన గల జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో ఈ శాఖలన్నీ ఒకే వేదికపై కలుస్తాయి. విడివిడిగా పంపిన తీర్మానం ఒక శాఖ నుండి మరొక శాఖకు తిరిగే బదులు, కమిటీ ముందు చేరినచో బాధ్యత అక్కడికక్కడే నిర్ణయమవుతుంది.

ఇక్కడ మరొక విషయం ప్రస్తావించవలసి ఉన్నది. కేంద్ర మంత్రిత్వ శాఖ నిర్వచనం ప్రకారం జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలు సంభవించిన 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు నమోదైనచో ఆ స్థలాన్ని ప్రమాద స్థలంగా గుర్తిస్తారు. నిధుల ప్రాధాన్యానికి ఇటువంటి కొలమానం అవసరమే. కాని ఆ సంఖ్య పూర్తయ్యే వరకు వేచి ఉండవలెనని చట్టంలో ఎక్కడా లేదు. 117వ సెక్షను క్రింద నిలుపు స్థలం నిర్ణయానికి గాని, 122వ సెక్షను క్రింద చర్యకు గాని ముందుగా మరణాలు జరిగి ఉండవలసిన పని లేదు. ఎవరూ చనిపోకముందే చెప్పగలిగిన స్థితిలో ఉన్నది ఆ కూడలిని ప్రతిదినం చూస్తున్న గ్రామ పంచాయతీ మాత్రమే.

పాత్రికేయులకు, అధికారులకు

రహదారి ప్రమాద వార్తలలో సాధారణంగా డ్రైవరు వేగం, నిర్లక్ష్యం ప్రస్తావనకు వస్తాయి. ఆ స్థలంలో వాహనాల నిలుపుదలపై పంచాయతీ తీర్మానం ఏదైనా ఉన్నదా, ఉన్నచో ఎవరికి పంపారు, ఏ తేదీన చేరినది, ఏమి సమాధానం వచ్చినది అన్న ప్రశ్నలు కూడా వేసినచో జవాబుదారీతనం పెరుగుతుంది. ప్రమాదం జరుగకముందే ఈ ప్రశ్నలు అడుగుట మరింత ప్రయోజనకరం. పంచాయతీ తీర్మానాల ప్రతులను సమాచార హక్కు చట్టం, 2005 క్రింద కోరవచ్చును.

అధికారుల వైపు నుండి అవసరమైనది సమాధానం. తీర్మానాన్ని అంగీకరించుటకు వీలు లేనపుడు కారణం వ్రాతపూర్వకంగా తెలిపినచో పంచాయతీ మరో మార్గం వెదుకుతుంది. సమాధానమే రానిచో, తీర్మానాలపై ప్రజలకు గల నమ్మకం సన్నగిల్లి, మట్టి గట్లు వేయుట, రాస్తారోకోలు చేయుట వంటి పద్ధతులకు దారి తీస్తుంది.

రేగొండ గుండా సాగే రహదారి కేంద్రానిది. దానిపై ఆంక్షలు విధించేది రాష్ట్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన అధికారులు. ఆంక్షలను అమలు చేసేది పోలీసులు. అంగడి, అడ్డా, భవన అనుమతి, వీధి దీపం, లోపలి దారి మాత్రం గ్రామ పంచాయతీవి. తన చేతిలో ఉన్న వాటిని ముందుగా చక్కదిద్ది, మిగిలిన వాటిని సరియైన సెక్షనుతో, సరియైన కార్యాలయానికి పంపిన పంచాయతీ మాటకు చట్టం స్థానం కల్పించినది. ఆ స్థానాన్ని కొత్త పాలకవర్గాలు తొలి సమావేశాల నుండే వినియోగించుకొనవలసి ఉన్నది.